అమ్మమ్మ లూనా: మరమ్మతు డైరీ

జనవరి, సంక్రాంతి తరువాత

ఆత్మకూరు దగ్గరి మా ఊళ్ళో, పశువుల కొట్టంలో టార్పాలిన్ కింద ఏళ్ళ తరబడి పడి ఉన్న అమ్మమ్మ లూనా మోపెడ్‌ను మళ్ళీ నడిచేలా చేయడం ఈ పని ఉద్దేశం. అమ్మమ్మ పోయిన కార్తీకంలో కాలం చేసింది. సంవత్సరీకం నాటికి ఆమె జ్ఞాపకార్థం ఏదైనా చేయాలని ఇంట్లో అందరూ కూర్చున్నప్పుడు, చిన్న పుస్తకం ఒకటి అచ్చు వేయిద్దామని మా మేనమామ అన్నాడు. నాలుగు రోజుల్లో ముసాయిదా కూడా తానే రాసి పంపాడు. అందులో ఆమె సేవామూర్తి, త్యాగశీలి, కష్టాలకోర్చిన మాతృమూర్తి. చదివినంతసేపూ ఆ పుస్తకంలో ఉన్నది ఎవరో నాకు అంతుపట్టలేదు. మాకు తెలిసిన మనిషి జీతం అందిన వారం వరంగల్ పోయి మ్యాట్నీ చూసి, ములుగు రోడ్డులో మిరపకాయ బజ్జీలు తిని, చీకటి పడ్డాక హెడ్‌లైటు వేసుకొని ఇంటికి వచ్చేది. సంక్రాంతికి సకినాలు తాను చుట్టకుండా, పక్కింటావిడకు పైసలిచ్చి చుట్టించుకునేది. ఏఎన్ఎంగా, అంటే ఊళ్ళు తిరిగి టీకాలు వేసే సర్కారు నర్సుగా, ముప్ఫై ఆరేళ్ళు ఉద్యోగం చేసి 2010లో రిటైరయింది. ఆ ఉద్యోగాన్ని ఆమె త్యాగంగా చెప్పగా నేనెప్పుడూ వినలేదు, తన పని అని చెప్పేది. పుస్తకం సంగతి మామయ్యకే వదిలేసి, బండి సంగతి నేను తీసుకున్నాను.

ఫిబ్రవరి మొదటి వారం

బండిని ట్రాలీ ఆటోలో హన్మకొండ తెప్పించాను. నయీంనగర్ వైపు టూ-స్ట్రోక్ బండ్ల పని తెలిసిన పాత మెకానిక్కు ఒకాయన ఉన్నాడు, నేను బాబాయి అని పిలుస్తాను. ఇప్పుడు రోజూ షెడ్డు తెరవడు గానీ, నేను ఆదివారాలు వస్తానంటే సరేనన్నాడు. విప్పడం, కడగడం నా వంతు, బిగించడం ఆయన వంతు అని ఒప్పందం. బండిని చూడగానే ఆయన నెంబరు చదవలేదు, వెనక క్యారియర్ చూశాడు. "ఇది నర్సమ్మ బండి గదా" అన్నాడు.

ఆ క్యారియర్ గురించి కొంత రాయాలి. కంపెనీ ఇచ్చిన సన్నటి క్యారియర్ మీద అంగుళం పట్టీలతో ఒక చదరపు చట్రం వెల్డింగ్ చేయించి ఉంది. టీకాల డబ్బా, అంటే నాలుగు ఐసు ప్యాకుల మధ్య మందు సీసాలు పెట్టి మోసే వ్యాక్సిన్ క్యారియర్, సరిగ్గా అందులో కూర్చుంటుంది. చట్రం నాలుగు మూలలా సైకిలు ట్యూబు ముక్కలు చుట్టి ఉన్నాయి. గతుకుల్లో డబ్బా ఇనుముకు కొట్టుకోకుండా ఆమె చేయించుకున్న ఏర్పాటు అది. చట్రం లోపలి అంచున రంగు పూర్తిగా పోయి, ఇనుము నున్నగా మెరుస్తోంది. డబ్బాను ప్రతిసారీ ఒకే వైపు నుంచి దించడం వల్ల ఎడమ పక్క పట్టీ కుడి పక్క దానికంటే సన్నబడింది. వేలు పెట్టి చూస్తే ఆ తేడా తెలుస్తుంది.

సీటు కింద రెగ్జిన్ సంచీలో దొరికినవి: ప్లగ్గు పానా, అరిగిన గరుకు కాగితం, సగం వాడిన సుద్దముక్క, గడువు ఎప్పుడో తీరిపోయిన మాలా-ఎన్ గర్భనిరోధక మాత్రల అట్ట, చదవడానికి వీల్లేని సినిమా టికెట్టు తునక, వక్కపొడి డబ్బా, ఒక ఇంజెక్షను సూది. సుద్దముక్క ఎందుకో వెంటనే తెలిసింది: పల్స్ పోలియో రోజుల్లో చుక్కలు వేసిన ఇంటి గోడ మీద గుర్తు రాయడానికి. సూది ఎందుకో అప్పుడు తెలియలేదు.

ఫిబ్రవరి చివర

ఇంజను కదలడం లేదు. పిస్టను సిలిండరులో పట్టేసింది. ప్లగ్గు తీసి ఆ రంధ్రంలో డీజిలు పోసి కొన్ని రోజులు వదిలేశాం. తరువాత మాగ్నెటో చక్రాన్ని చేత్తో కొద్దికొద్దిగా అటూ ఇటూ ఆడిస్తే మెల్లగా వదిలింది. పెడల్ మీద ఎక్కి తొక్కితే తొందరగా వదిలేదే గానీ, రింగులు విరిగి సిలిండరు గోడ గీసుకుపోయే ప్రమాదం ఉందని బాబాయి ఒప్పుకోలేదు. హెడ్డు విప్పాక మసి గడ్డకట్టి కనిపించింది. రెండు స్ట్రోకుల ఇంజనులో పెట్రోలులోనే ఆయిలు కలిపి పోస్తాం కనుక, కాలగా మిగిలిన ఆయిలు పొగ పోయే దారిలోనూ సైలెన్సరులోనూ పేరుకుంటుంది. దారి మూసుకుపోతే బండికి ఊపిరాడదు. సైలెన్సరును కాల్చి, కర్రతో కొట్టి దులిపితే తట్టెడు మసి రాలింది.

సిలిండరు గోడ మాత్రం బాగుంది, రీబోరింగు అవసరం పడలేదు. రింగులు, క్రాంకు షాఫ్టు ఆయిలు సీళ్ళు, గ్యాస్కెట్లు కావాలి. సీళ్ళు గట్టిపడితే ఇంజను పక్క దారిన గాలి పీలుస్తుంది, మిశ్రమం పలచనై ఇంజను వేడెక్కి మళ్ళీ పట్టేస్తుంది కనుక వాటిని మార్చక తప్పదు. వరంగల్‌లో తిరిగినచోటల్లా లేవన్నారు. ఒక దుకాణంవాడు వేరే మోపెడ్ సీళ్ళను ఇవే అని అంటగట్టాడు. చివరికి హైదరాబాద్ పుత్లీబౌలిలో అసలువి దొరికాయి.

మార్చి

ఈ బండి గురించి తెలియని పిల్లలు ఇంట్లో ఉన్నారు కనుక ఇక్కడ కొంత రాసి పెడుతున్నాను. పూణేకు చెందిన కైనెటిక్ ఇంజనీరింగ్ సంస్థ 1972లో లూనాను విడుదల చేసింది. ఇటలీలోని పియాజియో వారి చావ్ అనే మోపెడ్ దానికి మాతృక. యాభై సీసీ ఇంజను, గేర్లు లేవు, క్లచ్చు నొక్కే పని లేదు. సైకిలుకు ఉన్నట్టే పెడళ్ళు ఉంటాయి: బండిని లేపాలన్నా, గుట్ట ఎక్కలేక ఇంజను గునుస్తున్నా, పెట్రోలు అయిపోయినా తొక్కవచ్చు. ముందర అడ్డంగా పెట్రోలు ట్యాంకు లేకపోవడంతో చీర కట్టుకున్న మనిషి కాలు పైకెత్తే అవసరం లేకుండా ఎక్కి కూర్చోవచ్చు. మన జిల్లాల్లో టీచరమ్మలు, నర్సమ్మలు, పోస్టాఫీసువాళ్ళు దీన్ని ఇష్టపడడానికి ఇదే కారణమని నా అభిప్రాయం.

అమ్మమ్మ దీన్ని 1991లో కొన్నది. అప్పటికి ఆమె వయసు ముప్ఫై తొమ్మిది. మైదాన ప్రాంతంలో ఒక సబ్ సెంటరు (ఏఎన్ఎం పనిచేసే చిన్న ఆరోగ్య కేంద్రం) కింద అయిదు వేల జనాభా ఉండాలన్నది సర్కారు లెక్క; ఆ అయిదు వేల మంది ఒక్కచోట ఉండరు గదా. నాలుగైదు ఊళ్ళు, వాటి శివారు పల్లెలు, తండాలు. బుధ, శనివారాలు టీకాల రోజులు. పొద్దున్నే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమైన పీహెచ్‌సీ నుంచి డబ్బా తెచ్చుకొని, మందు రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనంలో ఉండగానే ఊళ్ళు తిరిగి, వాడని సీసాలను సాయంత్రానికి తిరిగి ఒప్పజెప్పాలి. బస్సు కోసం కాచుకుంటే ఐసు కరిగేది, ఎవరి సైకిలు వెనకో కూర్చుంటే ఊరు మాటలు అనేది. చిట్టీ పాడుకొని ఎత్తిన డబ్బుతో ఆమె బండి కొని, చెరువు కట్ట మీద తానే నేర్చుకుంది. ఆర్సీ పుస్తకం ఇంకా ఉంది. ఏపీ 36 నెంబరు, యజమాని పేరు చోట ఆమె పేరు, చిరునామా చోట సబ్ సెంటరు క్వార్టరు. ఇంట్లో ఆమె పేరు మీద ఉన్న మొదటి ఆస్తి అదే. ఇల్లూ పొలమూ తాత పేరు మీదివి.

తాతకు బండి నడపడం రాదు, నేర్చుకోవాలన్న కోరికా లేదు. అంగడికి పోవాలంటే క్యారియర్ చట్రం మీద గోనెసంచి మడిచి వేసుకొని అమ్మమ్మ వెనక కూర్చునేవాడు. భార్య నడుపుతుంటే వెనక కూర్చున్నాడని ఊళ్ళో నవ్వితే అమ్మమ్మ జవాబు ఒకటే: "కూసున్నోనికి లేని సిగ్గు సూసెటోళ్ళకెందుకు?"

ఏప్రిల్

ట్యాంకు లోపల తుప్పు. నిమ్మ ఉప్పు కలిపిన వేడినీళ్ళు పోసి, పాత సైకిలు చైను ముక్కను లోపల వేసి కలియదిప్పుతూ రెండు పూటలు నానబెట్టాను. తుప్పు నీళ్ళు వంపేశాక వంటసోడా నీళ్ళతో కడిగి, వెంటనే ఆరబెట్టి, ఆయిలు కలిపిన పెట్రోలు కొద్దిగా పోసి తిప్పాను. ఆలస్యమైతే కడిగిన ఇనుము మీద గంటల్లోనే మళ్ళీ తుప్పు పొర లేస్తుంది. పెట్రోలు గొట్టం కూడా కొత్తది వేశాం. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో ఇరవై శాతం వరకు ఇథనాల్ ఉంటోంది. అది తేమను పీలుస్తుంది, పాత రబ్బరును ఉబ్బిస్తుంది. అందుకని తట్టుకునే రకం గొట్టం వెతికి తెచ్చాను. నెలల తరబడి నిలబెట్టే బండి అయితే ట్యాంకు ఖాళీ చేసి ఉంచడం మంచిదని బాబాయి సలహా.

సూది సంగతి ఈ నెలలో తేలింది. కార్బొరేటర్ విప్పి జెట్టును వెలుతురుకు పట్టి చూసిన బాబాయి నవ్వడం మొదలుపెట్టాడు. జెట్టు అంటే పెట్రోలు కొలత ప్రకారం ఇంజనులోకి పోవడానికి ఉన్న సన్నటి రంధ్రం. అందులో నలుసు పడితే బండి ఆగిపోతుంది. గాలి కొట్టి శుభ్రం చేయాలి గానీ, లోహం ఏదీ పెట్టకూడదు. నడిదోవలో బండి ఆగినప్పుడల్లా అమ్మమ్మ సంచీలోని సూదితో పొడిచి, నలుసు తీసేసి, బండి లేపుకొని పోయేదన్నమాట. అట్లా పొడవగా పొడవగా రంధ్రం కొంచెం పెద్దదైంది, పెట్రోలు ఎక్కువ పోయేది. ఒక పాత చిక్కు దీనితో విడిపోయింది. ఆ బండి మైలేజి గురించి ఆమె జీవితమంతా ఫిర్యాదు చేసింది. "ఇది మీ తాత కన్న ఎక్కువ తాగుతది" అనేది, తాత ఎదురుగానే, తాత తలూపుతుండగానే.

కొత్త జెట్టు వేశాం. పాతదాన్ని సూదితో పాటు ఒక చిన్న సీసాలో వేసి పక్కన పెట్టాను. గాజు సిరంజిలను, సూదులను స్టీలు డబ్బాలో ఉడకబెట్టి వాడిన కాలంలో ఉద్యోగంలో చేరి, ఒక్కసారి వాడగానే తనంతట తానే బిగుసుకుపోయే సిరంజిలు వచ్చేదాకా పని చేసిన మనిషి ఆమె. పారేయాల్సిన సూదికి ఇట్లా మరో పని చూపించిందంటే నాకు ఆశ్చర్యం కలగలేదు.

మే

ప్లగ్గులో నిప్పురవ్వ లేదు. సీబీ పాయింట్లు, అంటే ప్లగ్గులో రవ్వ పుట్టడానికి కరెంటును తెంచే కొనలు, తుప్పు పట్టాయి. సన్నటి గరుకు కాగితంతో రుద్ది, సందు సరిచేశాక వచ్చింది. కండెన్సరు మార్చాం. ఇంతకంటే రాయడానికి ఈ పనిలో ఏమీ లేదు.

రాయాల్సింది రంగు గురించి. ఊళ్ళో అందరూ, మా అమ్మతో సహా, బండికి కొత్త రంగు వేయించి షోరూములోంచి తెచ్చినట్టు చేయమన్నారు. పెయింటు షాపులో నీలిరంగు డబ్బా కూడా కలిపి చూపించారు. నేను ఒప్పుకోలేదు. కొత్తగా కనిపించే లూనా కావాలంటే ఎవరిదైనా సరిపోతుంది, అమ్మమ్మదే అవసరం లేదు. తుప్పు తిన్నచోట మాత్రం రుద్ది ప్రైమరు వేసి, పాత రంగు నిలిచి ఉన్నచోట శుభ్రం చేసి మైనం పూత పూశాను. క్యారియర్ చట్రాన్ని అసలు ముట్టలేదు. దాని మీద సన్నటి ఆయిలు పొర తప్ప మరేమీ లేదు. మడ్‌గార్డు మీద కుడి పక్క సొట్టను కొట్టి సరిచేద్దామని బాబాయి అన్నాడు. ఆ సొట్ట అగ్రంపహాడ్ సమ్మక్క-సారలమ్మ జాతరలో పడిందని మా పెద్దమ్మ చెప్పింది. జాతర వైద్య శిబిరంలో డ్యూటీ అయిపోయాక, స్నేహితురాలిని వెనక ఎక్కించుకొని గద్దెల దగ్గరికి పోతూ ఎడ్లబండికి తగిలించిందట. ఇద్దరికీ దెబ్బలు తగలలేదు. ఎడ్లబండి ఆసామి కోపానికి వస్తే, నీ పిల్లలకు టీకాలేసింది నేనేనని గుర్తుచేసి బెల్లం ముక్క చేతిలో పెట్టిందట. సొట్ట అట్లాగే ఉంది.

జూన్, వానలకు ముందు

ఇంజను బిగింపు నడుస్తుండగానే, ఆమె తిరిగిన ఊళ్ళకు పోయి మాటలు ఫోనులో రికార్డు చేసుకుంటున్నాను. ఇది మొదట అనుకున్న పనిలో లేదు. విడిభాగాల కోసం ఎదురుచూసే వారాలు ఖాళీగా పోనీయకుండా మొదలుపెట్టాను. ఆమె డ్యూటీ డైరీలు కొన్ని ట్రంకు పెట్టెలో ఉన్నాయి, వాటిని బట్టి ఏ ఊరు ఏ రోజో తెలుస్తోంది. అట్టల మీద వరంగల్ జిల్లా అని ఉంది. 2016లో జిల్లాను విడగొట్టాక ఆమె ఊళ్ళు మొదట వరంగల్ రూరల్‌లోకి పోయి, తరువాత హన్మకొండ జిల్లాలోకి వచ్చాయి. ఎక్కడ రాసుకోవాలో తేల్చలేక నేను డైరీ మీద ఉన్నట్టే రాస్తున్నాను.

అందరికీ ఎక్కువగా గుర్తున్నది ఆమె హారన్. లూనా హ్యాండిలుకు ఎడమ పక్క ఒక రబ్బరు బూర బిగించి ఉంది, పుల్ల ఐసు అమ్మేవాళ్ళ సైకిలుకు ఉండేలాంటిది. దేశంలో పల్స్ పోలియో మొదటి విడత చుక్కలు 1995 డిసెంబరు 9న వేశారు. అప్పటికే ఆమెకు టీకాల రోజున పిల్లలు గడ్డివాముల్లో దాక్కుంటారని తెలుసు. చుక్కలకు సూది ఉండదని చెప్పినా నమ్మేవాళ్ళు కారు. అందుకని బూర కొనుక్కొచ్చి బిగించింది. బూర మోగితే ఐసుబండి అనుకొని పిల్లలు వాడకట్టంతా కదిలి వచ్చేవాళ్ళు. డబ్బా మూత తీస్తే లోపల నిజంగానే ఐసు ఉండేది. చుక్కలు వేసి, ఎడమ చిటికెనవేలి మీద గుర్తు పెట్టి, వెనకాలే అసలు ఐసుబండివాడిని పిలిపించేది. ఇప్పుడు ముప్ఫై దాటిన ఒకాయన ఈ సంగతి చెబుతూ, "మమ్ముల మోసం చేసింది గని, ఐసు కొనిచ్చింది" అన్నాడు. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది, 2014 మార్చిలో మన దేశం ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతాన్ని పోలియో రహితంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. అప్పటికి ఆమె రిటైరయి నాలుగేళ్ళు. ఆ వార్త పేపర్లో వచ్చిన రోజు ఇంటి ముందర బూర మోగించిందని పక్కింటివాళ్ళు చెప్పారు.

కటాక్షపూర్ చెరువు మత్తడి దూకి రోడ్డు మీదుగా పారిన ఒక వానాకాలపు రాత్రి అవతలి ఊరి నుంచి కాన్పు కబురు వచ్చిందట. బండిని ఇవతలి చాయ్ హోటలు దగ్గర పెట్టి, ట్రాక్టరు మీద నిలబడి నీళ్ళు దాటిపోయింది. తెల్లారి తల్లీబిడ్డా క్షేమమని చెప్పి తిరిగి వచ్చేసరికి హోటలాయన కొడుకులు రాత్రంతా బండి తిప్పి ట్యాంకు ఖాళీ చేశారు. ఆమె కొట్లాడలేదు. ఆ పెట్రోలు పైసలు తీరేదాకా ఆ హోటల్లో ఉత్త పుణ్యానికి చాయ్ తాగింది, లెక్క డైరీ వెనక పేజీలో రాసుకుంది. ఆ పేజీ నా దగ్గర ఉంది. నిలువు గీతలు, అయిదో గీత అడ్డంగా. ఎదుటి పేజీలో ఐరన్ మాత్రలు అందుకున్న గర్భిణుల జాబితా.

మామయ్యకూ నాకూ తేడా వచ్చింది ఇక్కడే. ఆ రికార్డింగులు విన్నాక, పుస్తకంలో కాన్పులు, టీకాలు చేర్చుకుంటానని, బూరా చాయ్ లెక్కా వద్దని, తాటివనం సంగతి అసలే వద్దని అన్నాడు. ఎండాకాలం పొద్దుగూకే వేళ అమ్మమ్మా తాతా తాటివనంలోకి పోయి కల్లు తాగి, కాల్చిన చేప తిని, పాటలు పాడుకుంటూ వచ్చేవాళ్ళన్నది ఊరందరికీ తెలిసిన విషయమే. ఉద్యోగం చేసిన ఆడమనిషికి ఇది శోభ కాదంటాడు మామయ్య. ఆమె సరదానూ పనినీ విడదీస్తే పని కూడా అర్థం కాదని నేనంటాను. కుటుంబ నియంత్రణ మాత్రల గురించి, ఆపరేషన్ల గురించి మగవాళ్ళతో మాట్లాడడానికి సబ్ సెంటరులో ఆమెకు కుదరనిది ఆ తాటిచెట్ల కింద కుదిరేది; బతుకమ్మ ఆడేటప్పుడు ఉయ్యాలో అని తానే పాట ఎత్తుకొని, మధ్యలో బాలింతల పేర్లు కలిపి టీకా తారీఖులు పాడేది. ఆడవాళ్ళు నవ్వుకుంటూ గుర్తుపెట్టుకునేవాళ్ళు. ఇందులో ఏది పని, ఏది సరదా అని మామయ్య ఎట్లా వేరు చేస్తాడో నాకు తెలియదు.

జూలై

బండి లేచింది. స్టాండు మీద నిలబెట్టి పెడల్ తొక్కాను. కాసేపు దగ్గి, తెల్లటి పొగ వదిలి, ఆగి, మళ్ళీ తొక్కగానే అందుకుంది. లీటరు పెట్రోలుకు నలభై మిల్లీలీటర్ల ఆయిలు కలిపి నడుపుతున్నాం. కొత్త రింగులు కుదురుకునేదాకా వేగం పెంచవద్దన్నాడు బాబాయి. గల్లీల్లో మెల్లగా తిప్పాను. చదును మీద హాయిగా పోతోంది. ఎత్తు వస్తే తొక్కక తప్పడం లేదు. వెనక బ్రేకు సరిగా పట్టడం లేదు, బ్రేకు షూలు కూడా మార్చాలి.

మా పెద్దమ్మ వచ్చి చూసి, క్యారియర్ మీద కూర్చొని ఒక చుట్టు తిప్పమంది. బ్రేకు పని కాలేదని చెప్పాను. ఆమెకు నచ్చలేదు.

ఆగస్టు

షూలు వేశాం, పెద్దమ్మ చుట్టు తిరిగింది. పెట్రోలు ట్యాపు దగ్గర సన్నగా కారుతోంది, వాషరు రావాలి. ఇక రిజిస్ట్రేషను. సొంత బండికి మొదట పదిహేనేళ్ళు, ఆ తరువాత అయిదేళ్ళకోసారి పొడిగించుకోవాలి. ఆమె రెండుసార్లు పొడిగించి, మోకాళ్ళు సహకరించక 2016లో వదిలేసింది. యజమాని మరణించినందున ముందుగా వారసుల పేరుకు మార్చాలి. ఎవరి పేరుకన్న చర్చలో, ఇంట్లో లైసెన్సు ఉన్న ఆడవాళ్ళ పేరే పెట్టాలని అమ్మ పట్టుబట్టింది, మామయ్య కూడా కాదనలేదు. పుస్తకంలో బూరకు, చాయ్ లెక్కకు చోటు ఇచ్చాడు. తాటివనం మీద ఇంకా తెగలేదు. ఆ పేజీ నేనే రాసి పంపాను.

తనిఖీకి తీసుకుపోవాలంటే ఎలక్ట్రిక్ హారన్ తప్పనిసరి. బండితో వచ్చిన హారన్ ఎప్పుడో పాడైంది, ఆమె దాన్ని బాగు చేయించనే లేదు. కొత్తది హెడ్‌లైటు కింద బిగించి, వైరు లాగి, స్విచ్చు కుడి పక్క పెడుతున్నాం, ఎడమ పక్క బూర ఉంది కనుక. బూర రబ్బరు గట్టిపడి చీలింది. కొత్త రబ్బరు బుడ్డ కోసం మట్టెవాడలో సైకిలు సామాను దుకాణానికి చెప్పి వచ్చాను, వచ్చే వారం రమ్మన్నాడు.